మూడు ముందుమాటల పుస్తకం

యూనివర్సిటీ గేటుకి ఎదురుగా, జెరాక్స్ అంగడి పక్క సందులో
మైదా బంక ఉడికిస్తా ఉన్నాను,
పురుగు పట్టకుండా మైలుతుత్తం వేసి, నీలంగా.
ఢిల్లీరాణి వచ్చింది, పీహెచ్‌డీ పిల్ల, పాకాల పక్క.
వెనకాల డెబ్బై దగ్గరి ఒకామె,
మే నెల ఎండలో తలకి పట్టు రుమాలు.
"అన్నా, మా ప్రొఫెసరమ్మ. ఉజ్బెకిస్తాను.
రెండేండ్లుగా మన పంచాయితీల మీద పరిశోధన.
పేరు మలోహత్ ఎర్గషేవా."
నాకు నోరు తిరగలేదు.
ఆయమ్మకి మునిశేఖర అనడం రాలేదు.
ఇద్దరం సమానం.

సంచిలోంచి తీసింది, వెన్ను విరిగిన పుస్తకం.
ఇరవై ఏడో ఏట రాసిన థీసిస్.
అక్షరాలు తిరగేసిన నాగళ్ళ మాదిరి ఉండాయి.
"నా మనవరాలు కూడబలుక్కుంటుంది," అనింది,
"నడమ మా లిపి మార్చేసినారు."

పుస్తకానికి మూడు ముందుమాటలు.
మొదటిది జెండా ఎర్రగా ఉన్నప్పటిది,
పేరాకి ఒకసారి పార్టీకి దండం.
రెండోది ఆ దేశమే లేకుండా పోయినంక.
దండం అట్నే ఉండాది, దేవుడు మారినాడు.
మూడోది అంటించేసరికి పైవాళ్ళు
రాజనీతి అసలు శాస్త్రమే కాదనేసినారంట.
శాఖ బోర్డు దించినారు.
అదే గదిలో, అదే సుద్దముక్కతో
ఆధ్యాత్మిక విలువలు చెప్పిందంట ఆయమ్మ, నాలుగేండ్లు.
ఈ మాట తెలుగు చేస్తా ఢిల్లీరాణి
కొండవైపు చూసి నవ్వు ఆపుకొనింది.
ఆయమ్మ ఆపుకోలేదు.

"మరి లోపలేముంది?" అంటి.
"లోపలికి ఎవరూ రాలేదు.
నలభై ఏండ్లు ముందుమాటలే తనిఖీ చేసినారు."
మూడో అధ్యాయం తెరిచి వేలు పెట్టింది.
చేత్తో గీసిన పటం, కాలవలు, పిల్లకాలవలు, అడ్డకట్టలు.
వాళ్ళ ఊర్లో మీరాబ్ అని ఒకాయన.
ఎవరి పత్తిచేనికి ముందు, ఎవరి తోటకి తర్వాత,
నీళ్ళు వదిలేది ఆయనే.
ఏ కమిటీ వచ్చినా, ఏ జెండా దిగినా
పార మాత్రం ఆ చేతిలోనే.

నా చెయ్యి బంకలో ఆగిపోయింది.
"మా తాత నీరుగంటి," అంటి. "దామలచెరువు కాడ.
బెజ్జం పెట్టిన చెంబు నీళ్ళలో వదిలేవాడు,
అది మునిగితే ఒక వంతు.
ఎంత పెద్దరైతయినా తన చెంబు దాకా గట్టున కూచోవాల్సిందే.
తాత అట్లనే చెప్పేవాడు.
రాత్రి వంతులు ఎవరివో మాత్రం చెప్పలేదు."

తర్జుమా సగంలో ఉండంగానే నోటుబుక్కు తీసేసింది.
నిలబడే రాసుకొనింది అరగంట.
రాత్రి వంతుల కాడ రెండు గీతలు కొట్టింది.
"సవోల్," అనింది.
సవాలా? నా మీదనా?
"మా భాషలో అంటే ప్రశ్న," అనింది.
మా భాషలో తొడగొట్టేది అంటి.
కొంచేపు గమ్మునుండి
"మా ఆఫీసుల్లో కూడా అట్లే అర్థం చేసుకొంటారు."

ముందుమాటలు మూడూ తీసి పారెయ్యమనింది.
నల్ల కాలికో వేసి కొత్త వెన్ను కట్టినాను,
మూడో అధ్యాయం కాడ తానే తెరుచుకొనేట్టు
కుట్టు ఒక పిసరు వదులు చేసి.
బంగారు అక్షరాలు ఏ లిపిలో వెయ్యాలంటే
"వద్దు, ఉత్తగా ఉండనీ."
వంద ఎక్కువిచ్చింది. వద్దంటి.
తీసుకొని ఉండాల్సింది, ఆ నెల అంగడి బాడుగ బాకీ.

జూన్‌లో వెళ్ళిపోయింది.
జులైలో థీసిస్‌ల కాలం.
కాగితం పారేసే చెయ్యి కాదు నాది.
వెన్నులోపలికి ఆసరా చాలక
ఆ ముందుమాటల్ని నిలువుగా చీల్చి, బంక పూసి అంటించినాను.
తెలుగు శాఖకి ఒకటి, జంతుశాస్త్రానికి రెండు,
ఢిల్లీరాణి పుస్తకానికి మూడు పీలికలు,
ఎర్రకాలానిది, తర్వాతది, ఆ తర్వాతది.

వైవాకి బయటినుంచి వచ్చిన పెద్దమనిషి
పుస్తకాన్ని అటూ ఇటూ వంచి చూసి
"బైండింగు గట్టిగా ఉందే," అన్నాడంట.